ఖాళీ కప్పులో చెంచా

మరిచిపోలేదు. ముందు ఆ ముక్క చెప్పేసి, మిగతాది తర్వాత చెబుతాను. శనివారం పేపర్లో రేడియో కబుర్లు రాసే పెద్దమనిషి, "శబ్దాల మనిషి పరధ్యానంలో పడి చెంచా తిప్పడం మరిచిపోయింది" అని రాశాడు. పదకొండేళ్ళు నిలబడ్డాను ఆ బల్ల ముందు. కొబ్బరి చిప్పలతో గుర్రాలను పరిగెత్తించాను. గంజిపొడి సంచి పిసికి మనుషుల్ని మంచులో నడిపించాను. రేకు ఊపి ఉరుములు తెప్పించాను. ఒక్కనాడు ఒక్క శబ్దం అర క్షణం ఆలస్యం కాలేదు. అలాంటిదాన్ని, చెంచా మరిచిపోతానా? తిప్పకూడదనుకున్నాను, తిప్పలేదు.

నా పేరు ఇగ్నాసియా. నాచా అంటే గానీ ఎవరికీ తెలియదు. మెక్సికో నగరంలో సాయంత్రం నాలుగింటికి "గడియ లేని తలుపు" సీరియల్ వచ్చే రోజుల్లో, అందులో తలుపులూ అడుగులూ వానలూ అన్నీ నావే. అప్పట్లో ముందుగా రికార్డు చేసుకోవడం లేదు. ఎర్రదీపం వెలిగిందంటే ఆ గదిలో ఎవరు తుమ్మినా దేశమంతా వింటుంది. తప్పు పోయిందా, పోయినట్టే.

ఆ సీరియల్ రాసేది ఒతీలియా గారు. యాభై దాటిన మనిషి, చేతిలో సిగరెట్ ఆరదు, ముక్కుమీద కోపం. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాచా, నా బ్రీహిదా చచ్చిపోతోందే."

"ఎన్నో ఎపిసోడ్లో?"

"ఆ చావు కాదు. అసలు బతకడం లేదంటున్నాను. రేడియోలో విన్నా, నోరు తెరిస్తే మతిల్దే మాట్లాడుతున్నట్టే ఉంది. బ్రీహిదా మాట్లాడుతున్నట్టు లేదు."

మతిల్దే అంటే మా నటి. దోన్యా బ్రీహిదా అంటే కథలో ఆమె వేసే పాత్ర. పెద్దింట్లో వంటమనిషి. ఆ ఇంటి చినబాబు ఎలాదియో నిజానికి ఆమె కన్నకొడుకే, కానీ ఆ సంగతి అతనికి తెలియదు. తెలిస్తే అతన్ని ఇంట్లోంచి గెంటేస్తారని ఆమె నోరు మూసుకుని వంట చేస్తూ ఉంటుంది.

"దగ్గు పెడదామా?" అన్నాను.

"పెట్టి ఫాదరీ తుమ్ము చేద్దామా?"

నాకు నవ్వొచ్చింది. అంతకుముందు సీరియల్లో ఆవిడే ఒక ఫాదరీకి తుమ్ము పెట్టింది. మొదటిసారి తుమ్మితే జనం నవ్వారు. తర్వాత పెళ్ళిలో తుమ్మాడు, చావులో తుమ్మాడు, పాపాలు వింటూ తుమ్మాడు. ఇరవయ్యో ఎపిసోడ్‌కి ఆ ఫాదరీని చంపెయ్యండి మహాప్రభో అని ఉత్తరాలు వచ్చాయి. చంపేసింది కూడా. న్యుమోనియాతో.

"తప్పు నాదే," అంది ఒతీలియా గారు. "మనిషికి అలవాటు పెట్టడానికి బదులు, అలవాటుకి మనిషిని తగిలించాను. తుమ్ముకి ఒక ఫాదరీ వేలాడుతున్నాడంతే. ఈసారి అలా కాదు. లోపల ఏదో ఉండాలి, బయటికి ఇంత కనపడాలి."

అప్పుడు నోరు జారాను. ఎందుకు చెప్పానో తెలియదు, మా అమ్మ సంగతి చెప్పాను.

మా అమ్మ హసింతా. మా నాన్న ఎటో వెళ్ళిపోయాక ముగ్గురు పిల్లల్ని ఇస్త్రీ పెట్టె మీద పెంచింది. కొన్ని పూటలు రొట్టెలు మూడే ఉండేవి. అలాంటి పూట అమ్మ ఎనామిల్ కప్పు ముందు పెట్టుకుని, చెంచాతో మూడుసార్లు తిప్పి, "మీరు తినండర్రా, నేను ఇందాకే తినేశాను" అనేది. నిజమే అనుకునేవాళ్ళం. నాకు ఏడేళ్ళప్పుడు ఒకసారి కప్పులోకి తొంగి చూశాను. ఏమీ లేదు. అడుగంతా పొడిగా ఉంది. అప్పటినుంచి ఆ చెంచా చప్పుడు వింటే చాలు, నా రొట్టె సగం చేసి అమ్మ కోసం గౌను చాటున దాచేదాన్ని.

ఒతీలియా గారు సిగరెట్ సంగతే మరిచిపోయింది. బూడిద ఒళ్ళో పడినా దులుపుకోలేదు.

"అది నాకిస్తావా?" అంది.

ఎంత మర్యాదగా అడిగిందంటే, కాదనలేకపోయాను. అమ్మని మాత్రం అడగలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

స్టేషన్లో ఉన్న పింగాణీ కప్పులన్నిట్లో చెంచా తిప్పి చూశాం. ఒక్కొక్కటి చర్చి గంటలా మోగుతోంది. పోనీ నీళ్ళు పోస్తే నోరు మూసుకుపోయినట్టు ఉంది. లాభం లేక మా అమ్మ పాత కప్పూ చెంచా అడిగి తెచ్చాను.

"పాత కప్పెందుకే?" అంది అమ్మ.

"శబ్దానికి."

"కప్పు శబ్దానికి కూడా జీతమిస్తారా?" అంటూ గుడ్డలో చుట్టి ఇచ్చింది.

ఎనామిల్ కప్పు ఖాళీగా ఉన్నప్పుడు చెంచా తగిలితే ఆ చప్పుడు వేరు. పొట్టిగా, గరగరమని ఉంటుంది. వినేవాడికి కారణం తెలియదు, కానీ ఏదో లోటు ఉందని చెవికి తెలుస్తుంది. ఒతీలియా గారు కళ్ళు మూసుకుని విని, "ఇదే," అంది. తర్వాత వేలు చూపించి మరీ చెప్పింది.

"వారానికి ఒక్కసారి. అదీ బ్రీహిదా అబద్ధం చెప్పే ముందే. మూడు తిప్పులు, అంతకంటే ఒక్కటి ఎక్కువ తిప్పినా నీ చెయ్యి విరగ్గొడతాను. మాటల్లో ఎవరూ ఆ చెంచా ఊసెత్తరు. మొదట్లో వినేవాళ్ళకి పట్టకూడదు. పోనుపోను వాళ్ళే కనిపెట్టాలి. మనం కనిపెట్టించామని తెలిస్తే మన మొహాన ఉమ్మేస్తారు."

అలాగే చేశాం. నెల గడిచింది. ఒకరోజు నేను బస్సులో వస్తుంటే ముందు సీట్లో ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"నిన్న బ్రీహిదా ఆ కుర్రాడితో నేను నీకేమీ కానంది, విన్నావా?"

"అబద్ధమే తల్లీ. చెంచా తిప్పింది కదా. నువ్వు గమనించలేదా, అబద్ధమాడే ముందు తిప్పుతుంది."

అడిగినావిడ నోరు తెరిచేసింది. చెప్పినావిడ మొహం చూడాలి, ఆ చెంచా తానే చేసినంత గర్వం. నాకు బస్సులో లేచి నిలబడి దణ్ణం పెట్టాలనిపించింది.

మా ఇంట్లో రేడియో లేదు. మా లోగిలి చుట్టూ ఉన్న పదిహేను కాపురాలకీ పక్కింటి చబేలా వాళ్ళ రేడియోనే దిక్కు. నాలుగయ్యేసరికి అమ్మ కూడా కుర్చీ పట్టుకెళ్ళి ఆ గుమ్మం ముందు కూర్చునేది. మొదటి చెంచా మోగిన రోజు నేను ఇంటికొచ్చేసరికి భయం భయంగానే ఉంది. అమ్మ చిక్కుడు గింజలు ఏరుకుంటోంది.

"బ్రీహిదా బాగానే అబద్ధాలాడుతుందే," అంది తలెత్తకుండా. మూతి చివర చిన్న నవ్వు.

ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కానీ మధ్యాహ్నం మూడున్నర కల్లా జడ వేసుకుని తయారైపోయేది.

అన్నీ బాగుంటే మన కర్మ ఎలా అవుతుంది. ఆ సీరియల్‌కి డబ్బులిచ్చేది ఒక కాఫీపొడి కంపెనీ. ఆ కంపెనీ తరఫున బర్రగాన్ అనే ఆయన వచ్చాడు. నున్నటి మీసం, ఆకుపచ్చ పెన్సిలు, ఎవరితో మాట్లాడినా భుజం మీద చెయ్యి.

"అద్భుతమమ్మా, ఆ చెంచా," అన్నాడు ఒతీలియా గారితో. "మా అమ్మకాలకి దేవుడిచ్చిన చెంచా. కాకపోతే వారానికి ఒకటేమిటమ్మా, పిసినారితనం కాకపోతే."

"అది అబద్ధానికి గుర్తండీ. ఊరికే వాడితే అరిగిపోతుంది."

"మరి ఆవిడ చేత ఇంకో నాలుగు అబద్ధాలు చెప్పించండి. ఇంకోటి, ఆ కప్పు ఖాళీగా ఉన్నట్టుంది. ఖాళీ కప్పుతో కాఫీ ఎలా అమ్మమంటారు?"

మర్నాడు కంపెనీ పేరు అచ్చేసిన పింగాణీ కప్పు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నిండా కాఫీ పొయ్యాలట. శబ్దం కమ్మగా రావాలట. అమ్మ ఎనామిల్ కప్పు అరలోకి పోయింది. చెంచా మాత్రం నేను మార్చలేదు, ఆయన అడగలేదు.

ఇక చూడండి. వారానికి ఒకటి రోజుకి ఒకటైంది. రోజుకి ఒకటి రోజుకి నాలుగైంది. బ్రీహిదా గదిలోకొస్తే చెంచా, వెళ్తే చెంచా, వానొస్తే చెంచా, గుమ్మంలో కుక్క మొరిగితే చెంచా. ఒక ఎపిసోడ్లో నేను లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు. ఒతీలియా గారు ఒకటి కొట్టేస్తే బర్రగాన్ ఆకుపచ్చ పెన్సిలుతో రెండు రాసేవాడు. ఆవిడ వెళ్ళి మా దర్శకుడు దోన్ ఫావుస్తో దగ్గర పోట్లాడేది. దోన్ ఫావుస్తో మంచివాడే, కానీ వెన్నెముక ఇంట్లో పెట్టి ఆఫీసుకొస్తాడు. "రెండు నెలలు ఓపిక పట్టండి ఒతీలియా గారూ" అనేవాడు.

ఊరు నవ్వడం మొదలుపెట్టింది. డేరా నాటకాల్లో హాస్యగాడు కొంగేసుకుని వచ్చి బకెట్లో గరిటె తిప్పితే జనం విరగబడుతున్నారు. బజార్లో కూరగాయలమ్మేవాడు ధర చెప్పగానే ఎవరో ఒకరు "చెంచా తిప్పి చెప్పు" అంటున్నారు. నా చేత్తో నేనే చేశాను అదంతా. రోజూ నాలుగింటికి వెళ్ళి, మా అమ్మ చెంచాతో, మా అమ్మ ఆకలిని పట్టుకుని, లోకానికి చక్కిలిగింతలు పెట్టి వచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఒక ఆదివారం అమ్మ తాగిన కాఫీ గ్లాసు కడుగుతున్నాను. అడుగున పంచదార అలాగే పేరుకుని ఉంది. ఏదో పరాకులే అనుకున్నాను. మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడూ అంతే. అమ్మ పంచదార వేసుకుంటోంది, కలపడం లేదు. చేదుగానే తాగేస్తోంది.

"చెంచా లేదా?" అని అడిగాను.

"ఉంది. కలపబుద్ధి కాలేదు," అంది.

సంగతి చబేలా నోట బయటపడింది. పంపు దగ్గర నన్ను చూసి నవ్వుతూ చెప్పింది, తనకేదో మహా సరదా అయినట్టు.

"మీ అమ్మకి అచ్చం బ్రీహిదా అలవాటే నాచా. మొన్న మా గుమ్మంలో కాఫీ కలుపుతుంటే, ఏం వదినా, ఇప్పుడే అబద్ధం చెప్పబోతున్నావు అన్నాను. అందరూ ఒకటే నవ్వు. ఇప్పుడు ఆవిడ అటు వస్తుంటే చాలు, పిల్లలు గ్లాసులూ చెంచాలూ పట్టుకుని రెడీ."

నేను బిందె నింపుకోకుండానే వచ్చేశాను.

అసలు దెబ్బ అది కూడా కాదు. ఆ వారమే ఒకరోజు ఇంట్లో జున్ను ముక్క ఒక్కటే ఉంది. "తిన్నావా అమ్మా?" అన్నాను. "తినేశాను," అంది. చెంచా లేదు, కప్పు లేదు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని తేలిగ్గా అనేసింది. నాకు తెలియలేదు. ముప్ఫయ్యేళ్ళు ఆ చప్పుడుతో మా అమ్మ కడుపు సంగతి తెలుసుకున్నాను. ఇప్పుడు తిన్నదో లేదో తెలియదు. ఆమె మణికట్టు కేసి చూస్తే గాజు మోచేతి దాకా జారుతోంది. ఎప్పటినుంచి జారుతోందో కూడా తెలియదు. ఆ పూట జున్ను నేనూ ముట్టలేదు.

ఇక ఆ శుక్రవారం. నూట పన్నెండో ఎపిసోడ్. ఐదు నెలలుగా జనం ఎదురుచూస్తున్న సీను. ఎలాదియో బ్రీహిదా చెయ్యి పట్టుకుని "నువ్వు నాకేమవుతావు?" అని అడగాలి. ఆమె మొదటిసారి నిజం చెప్పాలి. ఒతీలియా గారు రాసిన కాగితం మీద ఆమె జవాబుకి ముందు "చెంచా లేదు" అని మూడు గీతలు గీసి ఉంది. దాని మీద ఆకుపచ్చ పెన్సిలు అడ్డంగా కొట్టేసి, "చెంచా. నిండు కప్పు. మూడు తిప్పులు. తర్వాత కాఫీ ప్రకటన" అని రాసింది.

పన్నెండింటికి దోన్ ఫావుస్తో గదిలో గొడవ. నేనూ తలుపు దగ్గర నిలబడ్డాను, ఎవరూ పొమ్మనలేదు.

"ఆ చెంచా మోగిందంటే ఆవిడ అబద్ధం చెబుతున్నట్టండీ," అంది ఒతీలియా గారు. "నేను నీ తల్లిని అని చెబుతుంది, జనం కాదనుకుంటారు. ఐదు నెలల కథ కాలవలో పోసినట్టే."

"అనుకోనివ్వండమ్మా. ఏది నిజమో తెలియక సోమవారం మళ్ళీ వింటారు," అన్నాడు బర్రగాన్.

"నేను ఆ అలవాటు పెట్టిందే ఈ ఒక్క పూట తీసేద్దామని. ఇన్నాళ్ళూ మోగింది ఇవాళ మోగకుండా ఉండడం కోసం. మీకు బుర్రకెక్కుతోందా?"

"నాకు ఎక్కాల్సిన అవసరం లేదు. కప్పు మాది, డబ్బిచ్చి కొన్న ఈ గంటా మాది." ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "మన నాచా తిప్పుతుంది. ఆమె బుద్ధిమంతురాలు."

దోన్ ఫావుస్తో నన్ను పక్కకి పిలిచాడు. "తిప్పు నాచా. నీకు దణ్ణం పెడతాను. తిప్పకపోతే రేపటినుంచి నువ్వు ఇక్కడ ఉండవు. నేనేం చెయ్యలేను."

నాకు భయం లేదని కోతలు కొయ్యను. మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా చేతి చప్పుళ్ళతోనే. స్టేషన్లన్నీ ఒకరికొకరు చుట్టాలు, ఒకచోట గెంటేస్తే ఇంకోచోట తలుపు తియ్యరు. మూడున్నర దాకా తిప్పుదామనే అనుకున్నాను. నిజం. కాఫీ కూడా నేనే కలిపి పోశాను ఆ కప్పులో.

నాలుగైంది. ఎర్రదీపం వెలిగింది. తలుపు కిర్రుమనిపించాను, నాలుగడుగులు వేశాను, కుర్చీ జరిపాను. మతిల్దే మైకు ముందు కళ్ళజోడు సరిచేసుకుంది. ఎలాదియో వేసే కుర్రాడు కాగితం రెండు చేతులతో పట్టుకుని చదివాడు.

"ఒక్కసారి నిజం చెప్పు. ఎన్నిసార్లడిగినా ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నావు. నువ్వు నాకేమవుతావు?"

అద్దం వెనకనుంచి దోన్ ఫావుస్తో వేలు నావైపు చూపించాడు. చెంచా తీశాను. ఆ కప్పు మీద బంగారు రంగులో కంపెనీ పేరు మెరుస్తోంది. నాకు అమ్మ గ్లాసు అడుగున కరగని పంచదార కనపడింది. చిర్రెత్తుకొచ్చింది. చెంచాని విసురుగా మైకు దగ్గరనుంచి వెనక్కి లాక్కుని, ఆప్రాన్ జేబులో వేసుకున్నాను.

దోన్ ఫావుస్తో మళ్ళీ వేలు చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. రేడియోలో ఒక క్షణం నిశ్శబ్దం అంటే ఏమిటో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు. నేల కాళ్ళకింద జరిగిపోతున్నట్టు ఉంటుంది. మతిల్దే నావైపు చూసింది. నా చేతులు చూసింది. ఆమెకి అర్థమైంది, తొందరపడలేదు.

ఇంతలో తలుపు సందు చేసుకుని బర్రగాన్ లోపలికొచ్చాడు. బూట్లు చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద, దొంగపిల్లిలా. నా చెంచా లేకపోతే ఆయన చేతిలో ఆ ఆకుపచ్చ పెన్సిలు ఉంది. దానితోనే తిప్పేద్దామని కప్పు మీదికి చెయ్యి చాచాడు. ఆయన వేళ్ళు తగిలేలోపల నేను కప్పెత్తి, చప్పుడు కాకుండా కాఫీ అంతా తాగేశాను. ఆయన కళ్ళలోకి చూస్తూ, చుక్క మిగల్చకుండా. చల్లారిపోయి ఉంది. అంత దిక్కుమాలిన కాఫీ నా జన్మలో తాగలేదు. కప్పుని ఆప్రాన్‌లో చుట్టి చంకలో పెట్టుకున్నాను.

పాపం, ఆయన చేసేదేముంది. మైకు తెరిచి ఉంది. నోరు తెరిస్తే దేశమంతా ఆయన గొంతే వింటుంది. మీసం వణుకుతోంది, మొహం జేవురించింది, గాలిలో పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ నిశ్శబ్దంలోకి మతిల్దే చాలా మెల్లిగా అంది.

"అమ్మనిరా."

దీపం ఆరింది. ఆ తర్వాత బర్రగాన్ అన్న మాటలు నేను ఇక్కడ రాయను, వాటిలో కొన్ని మా వీధి కల్లు దుకాణంలో కూడా వినలేదు. నేను కంపెనీ కప్పు బల్ల మీద బోర్లించి, అరలోంచి మా ఎనామిల్ కప్పు తీసి గుడ్డలో చుట్టుకున్నాను. దోన్ ఫావుస్తో నావైపు చూడకుండా, "రేపటినుంచి రానక్కర్లేదు నాచా," అన్నాడు. ఒతీలియా గారు గుమ్మం దాకా వచ్చింది.  తన నోట్లో వెలుగుతున్న సిగరెట్ తీసి నా చేతికిచ్చింది. నేను సిగరెట్ తాగను. అయినా వీధి చివరి దాకా పట్టుకునే నడిచాను.

రొట్టెల కొట్టు దగ్గర ఆడవాళ్ళ వరస అలాగే నిలబడి ఉంది. లోపల రేడియోలో ఏదో పాట వస్తోంది, ఎవరికీ పట్టలేదు. పిండి చేతులతో కొట్టు ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఈసారి నిజమేనంటావా?" అంది వరసలో ఒకామె.

"చెంచా మోగలేదు కదా," అంది కొట్టు ఆవిడ. "నిజమే."

అక్కడ కాసేపు నిలబడ్డాను. నాకు ఉద్యోగం పోయిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అయినా ఒక్క మాట చెబుతాను, మళ్ళీ ఆ శుక్రవారం వస్తే మళ్ళీ ఆ కాఫీ తాగుతాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ చబేలా గుమ్మంలోంచి కుర్చీ తెచ్చేసుకుని బల్ల దగ్గర కూర్చుంది. చబేలా ఇంట్లోంచి ఎప్పుడూ వినపడే గోల ఇవాళ లేదు. అమ్మ నా మొహం కేసి చూసింది.

"ఇవాళ నీ పనిలో ఏమైంది? వాళ్ళేమన్నారు?"

నేను ఎదురుగా కూర్చున్నాను. గుడ్డ విప్పి కప్పు బల్ల మీద పెట్టాను. జేబులోంచి చెంచా తీశాను. చెయ్యి దానంతటదే కప్పులో తిప్పుతూ ఉండిపోయింది.

"ఏమంటారు. ఏమీ అనలేదు," అన్నాను.

అమ్మ లేచి వచ్చి కప్పులోకి తొంగి చూసింది. అచ్చం నేను ఏడేళ్ళప్పుడు చూసినట్టే.

"తీసేశారా?"

నేను చెంచా తిప్పడం ఆపేశాను.

"నేను మూడుసార్లే తిప్పేదాన్నే," అంది అమ్మ. "నువ్వు తొమ్మిదిసార్లు తిప్పావు. అంత తిప్పితే ఎవరు నమ్ముతారు?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. అమ్మ నా వేళ్ళలోంచి చెంచా తీసుకుంది. కొంగుతో తుడిచింది, చాలా నాళ్ళకి ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కప్పు తనవైపు లాక్కుంది.

పొయ్యి మీద గింజలు కొంచెమే ఉన్నాయి, ఒకరికి సరిపోతాయి. "తిన్నావా అమ్మా?" అన్నాను.

మూడుసార్లు మోగింది చెంచా. పొట్టిగా, గరగరమని.

"ఇందాకే తినేశాను," అంది అమ్మ.

నేను లేచి రెండు పళ్ళేలు తీశాను.